ఇరవై బి-25లు, మిగిలిన ఐదుగురు పెద్దలు

2012 ఏప్రిల్‌ను ఒహాయోలో పాత విమానాలంటే ప్రాణం పెట్టేవాళ్ళెవరూ మర్చిపోలేరు. 1942లో జపాన్ మీద బాంబులు వేసిన అమెరికా వైమానికులు, డూలిటిల్ రైడర్లు, ఆ దాడి 70వ వార్షికోత్సవానికి కలుసుకున్నప్పుడు ఇరవై బి-25 బాంబర్లు ఒకదాని వెనక ఒకటిగా వచ్చి, డేటన్‌లోని అమెరికా వైమానిక దళ మ్యూజియం వెనకున్న పాత రైట్ ఫీల్డ్ రన్‌వే మీద దిగాయి. యుద్ధకాలంలో దాదాపు పదివేలు తయారైన విమానమది. ఎగరగలిగే స్థితిలో ఇరవై ఒకచోట చేరడం యుద్ధం తర్వాత అరుదైన సంగతి. ఎవరి కోసం వచ్చాయో ఆ ఎనభై మందిలో అప్పటికి బతికున్నది ఐదుగురే. రిచర్డ్ కోల్, రాబర్ట్ హైట్, ఎడ్వర్డ్ సేలర్, డేవిడ్ థాచర్, థామస్ గ్రిఫిన్. అందరూ తొంభై దాటినవాళ్ళే.

ఈ కథతో మనకేం సంబంధం అనిపించవచ్చు. విశాఖ, కాకినాడ పెద్దవాళ్ళున్న ఇళ్ళల్లో అలా అనిపించదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ నౌకాదళ విమానాలు ఆ రెండు రేవుల మీదా బాంబులు వేశాయి. జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు తరలిపోయిన రోజులవి. సరిగ్గా పన్నెండు రోజులకు, ఏప్రిల్ 18న, హార్నెట్ అనే విమానవాహక నౌక మీంచి పదహారు బి-25లు లేచి జపాన్ మీద బాంబులు వేశాయి. మొదటి విమానంలో దాడి నాయకుడు లెఫ్టినెంట్ కల్నల్ డూలిటిల్ పక్క సీట్లో కూర్చున్న కోల్ ఆ తర్వాత వెంటనే ఇంటికి పోలేదు. 1943 జూన్ దాకా ఇటువైపే ఉండి, అస్సాం నుంచి హిమాలయాల మీదుగా చైనాకు సరుకు మోసే 'హంప్' విమానాలు నడిపారు. మళ్ళీ తిరిగొచ్చి ఫస్ట్ ఎయిర్ కమాండో అనే దళంలో చేరి బర్మా యుద్ధంలోనూ పనిచేశారు. పుట్టింది డేటన్‌లోనే.

డూలిటిల్ పెట్టిన విందుతో ఈ కలయికలు మొదలయ్యాయి. 1945 డిసెంబరులో, తన పుట్టినరోజు సందర్భంగా, బతికి వచ్చిన కుర్రాళ్ళందరినీ మయామీకి పిలిచారు. అదే ఆనవాయితీ అయింది. 1959లో టూసాన్ నగరం వాళ్ళకు ఎనభై వెండి గోబ్లెట్లు (పానపాత్రలు) ఇచ్చింది. ఒక్కో గోబ్లెట్ మీద ఒక్కొక్కరి పేరు రెండుసార్లు చెక్కి ఉంటుంది, ఒకటి నిటారుగా, ఒకటి తలకిందులుగా. మనిషి పోయాక గోబ్లెట్‌ను బోర్లిస్తారు. అప్పుడు రెండో పేరు సరిగ్గా కనబడుతుంది. ఏటా కలిసినప్పుడు పేర్లు పిలుస్తారు, బతికున్నవాళ్ళు పలుకుతారు. 2010లో, దాడి 68వ వార్షికోత్సవ కలయికకు పదిహేడు బి-25లు వచ్చాయి. అది 2012కు రిహార్సల్‌లా పనికొచ్చింది.

ఇలాంటి కూడిక తలపెట్టేవాళ్ళు చాలామంది విమానాల దగ్గర మొదలుపెడతారు. పెద్దల దగ్గర మొదలుపెట్టాలి. తొంభై ఏళ్ళు దాటిన మనిషి ఎండలోనో చలిగాలిలోనో ముప్పావు గంటకు మించి కూర్చోలేరు. మధ్యాహ్నం భోజనం, మందులు, నిద్ర వేళ తప్పకూడదు. కాబట్టి ముందు ఆయన రోజు కాగితం మీద వేసుకుని, మిగిలిన ఖాళీల్లో విమానాల కార్యక్రమం సర్దాలి. ఒక్కొక్కరి వెంట ఒక కుటుంబ సభ్యుడు, మన తరఫున ఒక మనిషి, ఎక్కడ ఉన్నా ఐదు నిమిషాల్లో వెచ్చటి గదికి చేర్చే బండి ఉండాలి. ఏప్రిల్‌లో ఒహాయో వాతావరణాన్ని నమ్మలేం. పొద్దున చొక్కా చాలనిపించి సాయంత్రానికి వడగళ్ళు పడతాయి. విమానాలు రావాల్సిన రోజుకూ అసలు వేడుకకూ మధ్య కనీసం రెండు రోజులు వదిలిపెట్టేది అందుకే. అవి నడిపేవాళ్ళలో చాలామంది మబ్బుల్లోకి దూరరు, వెయ్యి మైళ్ళ అవతలి నుంచి వచ్చేవాళ్ళు దారిలో ఎక్కడో దిగి ఆకాశం తేటపడేదాకా ఆగుతారు.

రెండోది, బస. 2012లో విమానాలు నేరుగా మ్యూజియానికి రాలేదు. సుమారు 50 కిలోమీటర్ల దూరంలోని అర్బానాలో గ్రైమ్స్ ఫీల్డ్ అనే చిన్న విమానాశ్రయంలో ముందుగా చేరాయి. ఇలాంటి మజిలీ లేకుండా పెద్ద గుంపును దించడం కుదరదు. సైనిక స్థావరాల్లో సాధారణంగా దొరికేది జెట్ ఇంధనం, వీటికి కావలసింది పిస్టన్ ఇంజన్ల విమానాలు వాడే 100ఎల్ఎల్ రకం పెట్రోలు. మరమ్మతులు, ఆయిల్ మార్చడం, పైలట్ల సమావేశం, ఫార్మేషన్ (జట్టుకట్టి ఎగరడం) సాధన, అన్నీ చిన్నచోట సావకాశంగా అవుతాయి. ఊరివాళ్ళు పిల్లల్ని తీసుకొచ్చి దగ్గరగా చూస్తారు కూడా. పెద్ద వేదిక దగ్గర విమానం దిగడం, నిలబడడం, లేవడం మూడే పనులు ఉండాలి.

పెట్రోలు లెక్క ముందే వేసుకోవాలి. బి-25 రెండు ఇంజన్లూ కలిసి మామూలు వేగంలో గంటకు 150 గాలన్లు, అంటే దాదాపు 570 లీటర్లు తాగుతాయి. ఒక్కో విమానం వచ్చీరాగానే 200 గాలన్లు పోయించుకుంటుందనుకుంటే ఇరవైకి 4,000 గాలన్లు. 15,000 లీటర్ల పైమాట. అది వచ్చిన రోజుకే. సాధనకు, వేడుకకు, తిరుగు ప్రయాణానికి దానికి మూడింతలైనా చూసుకోవాలి. చిన్న విమానాశ్రయంలో భూగర్భ ట్యాంకులో నెలకు సరిపడా పెట్రోలు ఉన్నా, అది రెండు రోజుల్లో అడుగంటుతుంది. సరఫరాదారుతో నెల ముందే మాట్లాడి, ఏ రోజు ఏ వేళకు టాంకర్ రావాలో రాయించుకోవాలి. చాలాచోట్ల ఆలస్యం పెట్రోలు లేక జరగదు, పోసే బండి ఒక్కటే ఉండడం వల్ల జరుగుతుంది. గ్రౌండింగ్ వైరు తగిలించి, నిచ్చెన వేసి, రెండు రెక్కల మీదా మూతలు తీసి, పోసి, చీటీ రాసేసరికి పావుగంట. ఇరవై విమానాలకు ఐదు గంటలు. వెయ్యి గాలన్ల బండి ఐదు విమానాలకోసారి మళ్ళీ నింపుకోవడానికి పోవాలి, ఆ సమయం అదనం. అందుకని రెండు మూడు బండ్లకు విమానాలను పంచి, దిగిన వరుసలో కాక మరునాడు ముందు లేచేవాటికి ముందు పోయాలి.

ఆయిల్ సంగతి ఇంకా ముఖ్యం. బి-25లో ఉన్నది రైట్ ఆర్-2600 ఇంజన్, పద్నాలుగు సిలిండర్లు రెండు వరుసల్లో చుట్టూ పేర్చి ఉంటాయి, 1,700 హార్స్‌పవర్. ఒక్కో ఇంజన్‌కు వంద లీటర్లకు పైగా పట్టే ఆయిల్ ట్యాంకు. ఇలాంటి ఇంజన్ ఆయిల్ తాగుతుంది, కారుస్తుంది, వెదజల్లుతుంది. కారడం ఆగిందంటే ట్యాంకు ఖాళీ అయిందేమో చూడాలి. డబ్బాలు కాక 55 గాలన్ల డ్రమ్ములే తెప్పించాలి, చేతిపంపు బిగించి. ఏ విమానం ఏ ఆయిల్ వాడుతుందో ముందే ఫోన్‌లో అడిగి రాసుకోవాలి. కొత్తగా బాగుచేసిన ఇంజన్‌కు ఏ రసాయనాలూ కలపని మినరల్ ఆయిల్, పాతబడినదానికి డబ్ల్యూ120 రకం. ప్రతి ఇంజన్ కింద ఒక రేకు పళ్ళెం, పక్కన ఆయిల్ పీల్చే గుడ్డలు పెట్టాలి. వేదిక కాంక్రీటు మీద మరకలు పడితే వచ్చే ఏడాది ఎవరూ చోటివ్వరు.

రాత్రంతా నిలిచి ఉన్న ఇంజన్‌లో ఆయిల్ మెల్లగా దిగి అడుగున ఉన్న సిలిండర్లలో చేరుతుంది. పొద్దున దాన్ని చూడకుండా స్టార్టర్ నొక్కితే పిస్టన్ పైకి వస్తుంది, ఆయిల్ నలగదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అప్పుడే విరగకపోవచ్చు. గాల్లో విరుగుతుంది. అందుకే పొద్దున్నే ఇద్దరు ముగ్గురు మనుషులు పంకా (ప్రొపెల్లర్) రెక్కలు పట్టుకుని ఒక్కొక్కటిగా తోస్తూ తిప్పుతారు. స్విచ్‌లు ఆఫ్, మిక్శ్చర్ కటాఫ్, అంటే ఇంజన్‌కు పెట్రోలు అందకుండా. ఆఫ్‌లో ఉన్నా ప్లగ్గులకు నిప్పురవ్వ ఇచ్చే మాగ్నెటో వైరు తెగి ఉంటే ఇంజన్ ఒక్కసారి తన్నవచ్చు కాబట్టి, రెక్క తోసినవాడు అదే ఊపులో పక్కకు తప్పుకోవాలి, వెనక్కు చూస్తూ నిలబడకూడదు. పంకా ఇంజన్ కన్నా నెమ్మదిగా తిరుగుతుంది, 16కు 9 చొప్పున. అందుకని కనీసం తొమ్మిది రెక్కలు, అంటే పంకా మూడు చుట్లు తిప్పితే ప్రతి సిలిండరూ ఒకటికి రెండుసార్లు పరీక్షకు వస్తుంది. మధ్యలో గట్టిగా ఆగిందా, అక్కడితో ఆపాలి. బలవంతంగా తోయకూడదు. వెనక్కు తిప్పడం ఇంకా ప్రమాదం. ఆయిల్ ఇన్‌టేక్ గొట్టంలోకి పోయి దాక్కుని, ఇంజన్ అందుకోగానే మళ్ళీ సిలిండర్లోకి వస్తుంది. అడుగు సిలిండర్ల ప్లగ్గులు విప్పి ఆయిల్ పూర్తిగా కారనివ్వడమే దారి. ఒక విమానానికి ఇలా అయితే గంట పోతుంది. కార్యక్రమంలో ఆ గంట ముందే ఉండాలి.

ఈ పంకా రెక్కలు తోసే పనిని జనం చూసే చోట చేయించడం మంచిది. మెకానిక్‌గా పనిచేసిన పెద్దమనిషికి విమానం ఎగరడం కన్నా ఇది దగ్గరగా తగులుతుంది. సేలర్, థాచర్ ఇద్దరూ దాడికి ఫ్లైట్ ఇంజనీర్లుగా, అంటే విమానంలోని మెకానిక్‌లుగా, వెళ్ళినవాళ్ళు. అలాంటివాళ్ళ కుర్చీని పైలట్ల వేదిక పక్కన వేసి ఊరుకోకుండా, స్టార్ట్ చేసే ముందు ఇంజన్ దగ్గరికి తీసుకుపోవాలి.

నిలిపే చోటు. రెక్క చివర నుంచి చివరికి బి-25 20.6 మీటర్లు. మధ్యలో ఆరు మీటర్లు వదిలితే ఒక్కో విమానానికి 27 మీటర్లు, పదింటికి 270. ఒకే వరుసలో ఇరవై పెడితే అర కిలోమీటరు దాటుతుంది. ఫొటోకు బాగుంటుంది, పెద్దలు నడవలేరు. పదేసి చొప్పున ఎదురెదురుగా రెండు వరుసలు పెట్టి, మధ్యలో బండి పోయే దారి వదిలితే కూర్చున్నచోటి నుంచే రెండు పక్కలా చూస్తారు. ఖాళీగా ఉన్నా తొమ్మిది టన్నుల బరువు, మూడు చక్రాల మీద. వసంతంలో తడిసిన గడ్డి మీదకు ఒక్క చక్రం దిగినా కూరుకుపోతుంది, లాగబోతే ముందు చక్రం స్తంభం దెబ్బతింటుంది. కాంక్రీటు చాలకపోతే విమానాల సంఖ్య తగ్గించుకోవాలి. ఆపాక పంకాను ఒక రెక్క నిటారుగా పైకి ఉండేలా తిప్పి వదలాలి. మిగిలిన రెండూ పక్కలకు ఒరిగి ఉంటాయి కాబట్టి కింద నడిచేవాళ్ళ తలకు తగలవు. చక్రాలకు అడ్డుచెక్కలు, రెక్కలకు తాళ్ళు, చుక్కాని కదలకుండా లాకులు. ఏప్రిల్ గాలివానకు ఇవన్నీ కావాలి.

బి-25 ముందు చక్రం స్టీరింగ్ లేనిది, స్వేచ్ఛగా తిరుగుతుంది. నేల మీద మలుపు తిప్పాలంటే ఒక పక్క బ్రేకు నొక్కాలి, ఇంకో పక్క ఇంజన్ పెంచాలి. మలుపులు ఎక్కువున్న దారి ఇస్తే రన్‌వే చేరేసరికి బ్రేకులు కాలిపోతాయి. గాలి వెనకనుంచి వీస్తుండగా వరుసలో చాలాసేపు నిలబెడితే సిలిండర్లు వేడెక్కి ప్లగ్గులు మసిబారతాయి. కాబట్టి ఇరవైనీ ఒకేసారి స్టార్ట్ చేయించకూడదు. ఐదు నిమిషాల తేడాతో మూడు జట్లుగా స్టార్ట్ చేయించి, ఇంజన్ వేడెక్కే చోట అందరి ముక్కులూ గాలికి ఎదురుగా ఉండేలా గీతలు గీయించాలి. ప్రతి స్టార్ట్‌కు ఒక మనిషి నిప్పు ఆర్పే సిలిండరుతో ఇంజన్ పక్కన నిలబడాలి. ఇన్‌టేక్‌లో మంట లేస్తే పైలట్ స్టార్టర్ వదలకుండా తిప్పుతూనే ఉండాలి, ఇంజన్ ఆ మంటను లోపలికి పీల్చేసుకుంటుంది. కింద నిలబడ్డవాళ్ళు కంగారుపడి సంజ్ఞలు చేయకుండా ముందే చెప్పి ఉంచాలి.

ఆకాశంలో అసలు కష్టం సమయపాలన. ఇరవై సెకన్లకొకటి చొప్పున లేచినా చివరిది లేచేసరికి ఆరేడు నిమిషాలు, అందరూ మూడేసి జట్లుగా సర్దుకునేసరికి ఇంకో పావుగంట. తర్వాత వేదికకు కొన్ని మైళ్ళ అవతల గుండ్రంగా తిరుగుతూ పిలుపు కోసం ఎదురుచూస్తారు. పెద్ద గుంపు మెల్లగా తప్ప తిరగలేదు, ఒక్క చుట్టుకు దాదాపు ఆరు నిమిషాలు పడుతుంది. అంటే కింద ఉపన్యాసం రెండు నిమిషాలు పొడిగిస్తే పైన ఆరు నిమిషాలు పోవచ్చు. అందుకని కార్యక్రమంలో ఒక సాగే అంశం పెట్టాలి, బ్యాండు వాయించే పాటైతే సరిపోతుంది. వేదిక పక్కన రేడియో పట్టుకున్న మనిషి ఒక్కరే పైన లీడర్‌తో మాట్లాడాలి. ఆ మనిషి పైలట్ అయి ఉండాలి, మాటల్లో తడబాటు ఉండకూడదు. విమానాల్లో ఉన్నవాళ్ళందరూ పొద్దున జరిగే బ్రీఫింగ్‌కు వచ్చి ఉండాలి. వరుస, సంజ్ఞలు, పక్కవాడు కనబడకపోతే ఎటు తప్పుకోవాలి, ఎవరు 'నాక్ ఇట్ ఆఫ్' అన్నా అక్కడితో ఆపడం. బ్రీఫింగ్ తప్పినవాళ్ళు ఎంత పేరున్నవాళ్ళయినా ఆ రోజు ఎగరకూడదు. ఫార్మేషన్ కార్డు, అంటే జట్టుగా ఎగరడానికి అర్హత పత్రం, లేని పైలట్‌ను గుంపులోకి తీసుకోకూడదు.

గుంపు గంటకు 170 మైళ్ళ వేగంతో వచ్చి నిమిషంలోపే దాటిపోతుంది. ఏడాది పని ఆ నిమిషానికే. అమెరికా నిబంధన ప్రకారం జనం గుమిగూడిన చోట 2,000 అడుగుల చుట్టుపక్కల ఉన్న ఎత్తైన అడ్డంకి కన్నా వెయ్యి అడుగుల పైన ఎగరాలి. సరిగ్గా నెత్తిమీంచి పోనిస్తే తొంభై ఏళ్ళ మెడ అంత పైకి వంగదు. దారిని కుర్చీల ముందు నుంచి అరకిలోమీటరు అవతలికి జరిపితే ముప్పై డిగ్రీల ఎత్తులో, కూర్చున్నవాళ్ళకు హాయిగా కనబడుతుంది. కుర్చీలు సూర్యుడికి వీపు పెట్టి ఉండాలి. ఎటునుంచి వస్తాయో మైకులో అర నిమిషం ముందే చెప్పాలి.

చప్పుడు గురించి ఒక మాట. యుద్ధకాలపు బి-25ల్లో చాలావాటికి ప్రతి సిలిండరుకూ పొట్టి పొగగొట్టం విడిగా ఉంటుంది, చెవులు చిల్లులు పడతాయి. ఇప్పుడు ఎగిరేవాటిలో పై సిలిండర్ల పొగను ఒకచోటికి చేర్చే కలెక్టర్ రింగు పెట్టుకున్నవి ఉన్నాయి, అవి కాస్త నయం. స్టార్ట్ చేసేచోటుకు ముప్పై మీటర్ల దూరంలో కుర్చీలు ఆపాలి. వినికిడి యంత్రాలు ముందు తీయించి, జేబులో భద్రంగా పెట్టించి, అప్పుడు చెవిమూతలు పెట్టాలి. యంత్రం మీదే చెవిమూత పెడితే లోపల కీచుమని నరకం. విమానం లోపలికి పొట్ట కింది తలుపులోంచి నిచ్చెన ఎక్కాలి. ఎక్కమని ఎవరూ అడగకూడదు. ఆయనే అడిగితే ముందొకరు, వెనకొకరు ఉండాలి. అడగకపోతే తలుపు తెరిచి ఉంచి, కుర్చీని దాని పక్కన ఆపితే చాలు. లోపలి నుంచి వచ్చే పెట్రోలు, తోలు, వేడెక్కిన రంగు కలిసిన వాసన చాలు, మాటలు వాటంతటవే వస్తాయి. అప్పుడు పక్కన రికార్డర్ ఉండాలి.

ఎగిరేవాటిలో దాడికి పోయిన బి రకం ఒక్కటీ లేదని పెద్దలకు బాగా తెలుసు. మ్యూజియంలో ఉన్నది కూడా డి రకాన్ని మార్చి, డూలిటిల్ విమానంలా దిద్దింది. అసలువి తేలికపరచడానికి కింది తుపాకీ గోపురం తీసేశారు, తోకలో తుపాకుల బదులు నల్లరంగు వేసిన చీపురుకర్రలు పెట్టారు, ఖరీదైన నోర్డెన్ గురిసాధనం బదులు కొన్ని సెంట్లతో తయారైన రేకుముక్క. ఈ తేడాలన్నీ బోర్డు మీద రాసిపెట్టాలి. ఉన్నదాన్ని అసలైనదని చెప్పకూడదు, వాళ్ళు ముందే కనిపెడతారు.

2013 నవంబరు 9న మ్యూజియంలో ఆఖరి టోస్ట్, అంటే పోయినవాళ్ళ పేరున చివరిసారి గోబ్లెట్లు ఎత్తడం, జరిగింది. డూలిటిల్ పుట్టిన 1896 నాటి కోన్యాక్ (బ్రాందీ) సీసా అప్పుడే తెరిచారు. కోల్, థాచర్, సేలర్ వచ్చారు, హైట్ ఆరోగ్యం బాగోక రాలేకపోయారు, గ్రిఫిన్ అప్పటికే పోయారు. 2015లో సేలర్, హైట్, 2016లో థాచర్, 2019 ఏప్రిల్ 9న 103 ఏళ్ళ వయసులో కోల్ వెళ్ళిపోయారు. 2012లో ఆ ఇరవై విమానాలను ఇంకో రెండేళ్ళు వాయిదా వేసుంటే చూసేవాళ్ళు ఐదుగురు ఉండేవాళ్ళు కాదు.

హైదరాబాద్‌లో ఇలాంటిది చేయాలనుకునేవాళ్ళు మన వైమానిక దళంలో పనిచేసి బోయిన్‌పల్లి, సైనిక్‌పురి చుట్టుపక్కల స్థిరపడ్డ పెద్దల పేర్లు ముందు రాసుకోవాలి, ఎవరు ఏ విమానం మీద పనిచేశారో పక్కనే రాసి. హకీంపేటలో ఇస్క్రా, దుండిగల్‌లో కిరణ్, అంతకు ముందువాళ్ళకు హెచ్‌టీ-2, అన్నీ శిక్షణ విమానాలే. ఇవి ఎగిరేలా దొరకడం కష్టం, నిలబెట్టి చూపాలి. వాటిలో ఎజెక్షన్ సీటు (ప్రమాదంలో పైలట్‌ను బయటికి విసిరేది) ఉన్నవాటి పేలుడు కార్ట్రిడ్జ్‌లు తీసేశారని కాగితం చేతికొచ్చాకే కాక్‌పిట్ తెరవాలి. ఎగిరేది కావాలంటే 2018లో దళంలో చేరిన పాత రవాణా విమానం డకోటా 'పరశురామ' ఉంది, అడగాల్సింది ఎయిర్ హెడ్‌క్వార్టర్స్‌ను. దానికి కావలసిన పెట్రోలు ఒకప్పుడు దిగుమతి సరుకు, 2022 నుంచి ఇండియన్ ఆయిల్ వడోదర దగ్గర తయారుచేస్తోంది, డ్రమ్ముల్లో తెప్పించుకోవచ్చు. వేళ మాత్రం పొద్దున ఎనిమిది నుంచి పదిన్నర, నవంబరు చివర. డిసెంబరు, జనవరుల్లో పొగమంచు తొమ్మిది దాకా తొలగదు, ఫిబ్రవరి దాటితే ఆ పెద్దలు కాంక్రీటు మీద కూర్చోలేరు.